మామిడి చెట్టు కింద సెలైన్ స్టాండు: నేను ఎందుకు వద్దన్నానంటే



పోయిన వారం వీడియోలో డ్రిప్ ఫిల్టర్ కడగడం చూపించాను కదా. ఆ వీడియో చివర్లో మా మామిడి చెట్ల కింద టేపు పట్టుకుని కొలతలు తీస్తున్న ఇద్దరు మనుషులు వెనకాల కనబడ్డారు. "అన్నా, భూమి అమ్మేశావా? ప్లాట్లు కొడుతున్నారా?" అని చాలామంది అడిగారు. మేడ్చల్, శామీర్‌పేట వైపు పొలంలో ఎవరైనా టేపు పట్టుకుంటే మొదట వచ్చే అనుమానం అదే, తప్పు లేదు. కానీ వాళ్లు రియల్ ఎస్టేట్ వాళ్లు కాదు. ఒక వెల్‌నెస్ క్లినిక్ వాళ్లు. కొలిచింది కుర్చీల కోసం. వాళ్లు పెడతామన్నది కూడా డ్రిప్పే, కాకపోతే చెట్టుకు కాదు, మనిషికి.

సంగతి మొత్తం చెప్తాను. మాది నాలుగున్నర ఎకరాలు. మామిడి, జామ, కూరగాయలు, రెండు దేశీ ఆవులు. శని, ఆదివారాలు కొంపల్లి, సుచిత్ర, అల్వాల్ నుంచి కుటుంబాలు వస్తాయి. వాళ్లే కూరగాయలు తెంపుకుంటారు, మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పోతారు. ఆ వచ్చినవాళ్లలో ఒకాయన ఈ క్లినిక్‌లో భాగస్వామి. ఆయన లెక్క ఇలా ఉంది: ప్రతి ఆదివారం చెట్ల కింద పది వాలు కుర్చీలు, ఒక ఎంబీబీఎస్ డాక్టర్, ఇద్దరు నర్సులు. కుర్చీకి రోజుకు రెండు బాటిళ్లు. బాటిల్‌లో సెలైన్, బి కాంప్లెక్స్, సి విటమిన్, మెగ్నీషియం, అడిగినవాళ్లకు గ్లూటాథయోన్. ఒక్కో బాటిల్ ఐదు వేలు. అందులో మా ఫామ్‌కు ఎనిమిది వందలు.

"నీ దగ్గర కెమికల్ లేని తిండి, మా దగ్గర డాక్టర్ పర్యవేక్షణ. రెండూ కలిస్తే బ్రాండే అన్నా" అన్నాడు.

కాగితం మీద ఆదివారానికి పదహారు వేలు. నెలకు అరవై నాలుగు వేలు. మా కూరగాయల బాక్సుల మీద నెలకు మిగిలేది అందులో సగం కూడా కాదు. ఈసారి గాలిదుమారానికి మామిడి సగం రాలిపోయింది, కొత్త బోరు అప్పు ఇంకా నడుస్తోంది. కాబట్టి విన్న వెంటనే "ఛీ ఛీ, మేం సహజ వ్యవసాయం వాళ్లం" అని లేచి పోలేదు. వారం రోజులు ఆలోచించాను. నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులు ఒప్పుకుందామనే అనుకున్నాను.

నన్ను ఇరకాటంలో పెట్టింది 'డాక్టర్ పర్యవేక్షణ' అన్న మాట. వచ్చినవాడు ఆర్‌ఎంపీ అయితే నిమిషంలో వద్దనేవాణ్ని. అది మా ఇంట్లో చూసిన కథ.

మా అమ్మకు నాట్లు అయిపోయిన ప్రతిసారీ నీరసం. వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి. "పానం గుంజుతుంది బిడ్డా, ఒక బాటిల్ ఎక్కిచ్చుకుంటే మంచిగైతది" అనేది. పొద్దుగూకేసరికి ఊరి డాక్టర్ సారు బండి మీద వచ్చేవాడు. దర్వాజకు కొట్టిన మేకుకు బాటిల్ కట్టేవాడు. దాంట్లో ఒక సీసా మందు కలిపితే నీళ్లు పసుపు రంగుకు తిరిగేవి. ఆ పసుపు రంగంటే మా వాడకట్టులో అందరికీ గురి. తెల్ల బాటిల్ మామూలుది, పసుపు బాటిల్ బలం బాటిల్. ఆరు వందలు. మర్నాడు అమ్మ లేచి పని చేసుకునేది. నాలుగో రోజుకు మళ్లీ మంచం. మూడేళ్లు అలాగే గడిచాయి. అగ్రికల్చర్ డిప్లొమా చదివిన కొడుకును నేను ఇంట్లోనే ఉన్నాను. ఆకు పచ్చబడితే నత్రజనా, ఇనుమా, నీళ్లు ఎక్కువయ్యాయా అని పది ప్రశ్నలు వేసుకునేవాణ్ని, అమ్మ ముఖం పాలిపోతే ఒక్క ప్రశ్నా వేయలేదు.

తర్వాత అరికాళ్లు తిమ్మిర్లు మొదలయ్యాయి. నాలుక ఎర్రగా నున్నగా అయింది, కారం తగిలితే మంట. అప్పుడు పీహెచ్‌సీకి తీసుకెళ్లాం. తెలంగాణ డయాగ్నోస్టిక్స్‌లో రక్తపరీక్ష ఉచితంగా చేశారు. హిమోగ్లోబిన్ 7.8. అక్కడి డాక్టరమ్మ రిపోర్టులో ఇంకో అంకె మీద వేలు పెట్టింది. ఎర్ర కణాల సైజు ఉండాల్సిన దానికంటే పెద్దగా ఉంది. ఇనుము తక్కువైతే కణాలు చిన్నవవుతాయి, బి12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తక్కువైతే పెద్దవవుతాయి. బయట ల్యాబ్‌లో బి12 చేయిస్తే అడుగంటింది.

కారణాలు వెతికితే మూడు దొరికాయి. అమ్మ మొక్కు కోసం ఏడేళ్ల కింద నీసు మానేసింది. ఇంట్లో ఆవులున్నా పాలన్నీ డెయిరీ క్యాన్‌లోకే, అమ్మకు మిగిలేది చాయ్‌లో చుక్క. మూడోది, షుగర్‌కు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర. ఏళ్ల తరబడి వాడితే అది పేగుల్లో బి12 పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. ఇక అసలు దెబ్బ ఏంటంటే, ఆర్‌ఎంపీ కలిపిన ఆ పసుపు మందు సీసా ఇంట్లోనే మూల పడి ఉంటే దాని లేబుల్ చదివాను. ఏడెనిమిది విటమిన్లు ఉన్నాయి, బి12 లేదు. మూడేళ్లు 'విటమిన్ బాటిల్' ఎక్కించుకున్న మనిషికి లేనిదే ఆ బాటిల్‌లోనూ లేదు! పసుపు రంగు రిబోఫ్లావిన్‌ది, అంటే బి2ది. బలానికీ ఆ రంగుకూ సంబంధం లేదు. పైగా షుగర్ మనిషికి గ్లూకోజ్ బాటిల్.

డాక్టరమ్మ బి12 సూదులు రాసింది. మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికి, ఇప్పుడు నెలకోసారి. కండకు వేసే చిన్న సూది. ఒక్కో సూది ఖర్చు ఒక రోజు కూలి కంటే తక్కువ. నాలుక మంట నెలలో పోయింది, తిమ్మిర్లు మాత్రం ఎడమ కాలికి ఇంకా కొంచెం ఉన్నాయి. నరానికి జరిగిన నష్టం ఆలస్యమైతే పూర్తిగా తిరిగి రాకపోవచ్చంది డాక్టరమ్మ. ఆ ఆలస్యం మాదే.

కాబట్టి నేను సూదికి వ్యతిరేకిని కాదు. మా అమ్మను నిలబెట్టింది సూదే. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే మన గ్రూపుల్లో కొందరు "సహజంగా బతికేవాడికి ఆసుపత్రి ఎందుకు" అని రాస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు.

ఇప్పుడు బాటిల్‌లో ఏముంటుందో చూద్దాం. మామూలు సెలైన్ అంటే లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు. అర లీటరు బాటిల్‌లో నాలుగున్నర గ్రాములు. ఐదు శాతం గ్లూకోజ్ బాటిల్ అర లీటరులో ఉండే చక్కెర 25 గ్రాములు. శక్తి లెక్కలో అది ఒక జొన్నరొట్టెలో సగం. మన ఊళ్లో "రెండు రోజుల నుంచి తిండి లేదు, గ్లూకోజ్ ఎక్కిస్తే తాకత్ వస్తది" అంటారు కదా, ఆ తాకత్ అంతే. విటమిన్ బాటిళ్ల సంగతికొస్తే, బి విటమిన్లు, సి విటమిన్ నీళ్లలో కరిగేవి. ఒంటికి కావాల్సినంత పోను మిగిలింది మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. బాటిల్ ఎక్కిన రోజు మూత్రం పచ్చగా రావడం అందరూ చూసిందే.

క్లినిక్ వాళ్లు చెప్పే పెద్ద పాయింటు, "నోటి ద్వారా తీసుకుంటే కొంతే ఒంటబడుతుంది, నరం ద్వారా అయితే నూటికి నూరు రక్తంలోకి పోతుంది." అబద్ధం కాదు. రక్తంలోకి పోవడం నిజమే. కానీ రక్తంలోకి పోవడం వేరు, ఒంటికి పట్టడం వేరు. మనం డ్రిప్‌లో యూరియా వదిలిన రోజులు గుర్తున్నాయా? వేరు దాకా నూటికి నూరు చేరింది. పంట తీసుకున్నంత తీసుకుంది, మిగిలిన నైట్రేట్ నీళ్లతో పాటు కిందికి దిగింది. మా చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష తోటలే ద్రాక్ష తోటలు. గుత్తులను హార్మోన్ మందులో ముంచితే గింజ లావెక్కేది, చూడ్డానికి బ్రహ్మాండం, నోట్లో వేసుకుంటే నీళ్లు. ఆ తోటలు పోయి ఇప్పుడు కాంపౌండు గోడలు మిగిలాయి, అది వేరే కథ.

సి విటమిన్ మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 65 చాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టిక చెప్తుంది. వంద గ్రాముల జామకాయలో రెండు వందల పైనే ఉంటుంది. మా తోటలో ఆదివారం వచ్చిన పిల్లలు రెండు కాయలు కొరికితే ఐదారు రోజుల లెక్క అయిపోతుంది. అదే తోటలో, అదే చెట్టు పక్కన కుర్చీ వేసి, ఐదు వేలకు సి విటమిన్ ఎక్కించాలి. ఇది ఆలోచించినప్పుడు నాకే నవ్వొచ్చింది.

ఈ విటమిన్ డ్రిప్ కొత్తదేం కాదు. అమెరికాలో బాల్టిమోర్‌లో జాన్ మయర్స్ అనే డాక్టర్ ఏళ్ల తరబడి ఇచ్చేవాడు. 1984లో ఆయన చనిపోయాక ఇంకో డాక్టర్ అందుకున్నాడు. అందుకే దానికి మయర్స్ కాక్‌టెయిల్ అని పేరు. 2009లో అచ్చయిన ఒక చిన్న పరీక్ష గురించి చదివాను. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా రోగులు 34 మంది. సగం మందికి వారానికోసారి ఆ విటమిన్ బాటిల్, మిగతా సగానికి విటమిన్ లేని మామూలు బాటిల్, ఎవరికి ఏది ఎక్కుతుందో వాళ్లకు తెలియదు. ఎనిమిది వారాల తర్వాత రెండు గుంపులవాళ్లూ తేలికపడ్డామన్నారు. రెండింటికీ మధ్య గట్టిగా చెప్పుకునేంత తేడా రాలేదు. అంటే బాటిల్ పనిచేయలేదని కాదు, మనిషి తేలికపడ్డాడు. దేనివల్ల అన్నదే ప్రశ్న. గంటసేపు ఫోన్ పక్కనబెట్టి వాలు కుర్చీలో పడుకుంటే, అర లీటరు నీళ్లు ఒంట్లోకి పోతే, ఒక నర్సమ్మ నాలుగు సార్లు వచ్చి "ఎలా ఉంది సార్" అని అడిగితే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. నాకూ ఉంటుంది.

మరి హాని ఏముంది, డాక్టర్ ఉన్నాడు కదా అంటారా. ఇదే నేను మా డాక్టరమ్మను అడిగాను. అమ్మ సూది రోజున, లైను అయిపోయాక. ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. గుండె నీరసంగా ఉన్నవాడికి, కిడ్నీ దెబ్బతిన్నవాడికి అర లీటరు నీళ్లు, ఉప్పు నేరుగా నరంలోకి పోతే ఆయాసం, వాపు రావచ్చు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా ఉన్నవాళ్లు మన రాష్ట్రంలోనూ ఉన్నారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. అలాంటివాళ్లకు పెద్ద మోతాదు సి విటమిన్ ఎక్కిస్తే ఎర్ర కణాలు పగిలిపోతాయి. పెద్ద మోతాదుల్లో మాటిమాటికీ ఎక్కితే కిడ్నీలో ఆక్సలేట్ పేరుకోవచ్చు. బి1 సూది నరంలోకి పోయినప్పుడు అరుదుగానైనా ప్రాణం మీదికొచ్చే అలర్జీ వచ్చిన సందర్భాలున్నాయి. సీసాలు కలిపేచోట శుభ్రత లేకపోతే క్రిములు నేరుగా రక్తంలోకే. నోటి ద్వారా పోయినదానికి పొట్టలో యాసిడ్, పేగు గోడ, కాలేయం ఇన్ని చెక్‌పోస్టులు. నరంలోకి పోయినదానికి ఒక్కటీ లేదు.

"ఇవన్నీ చూసుకోవడానికే పర్యవేక్షణ. ముందు బీపీ, షుగర్, కిడ్నీ పరీక్ష, పాత జబ్బుల వివరం, అలర్జీ వస్తే వెంటనే ఇవ్వాల్సిన మందులు, ఆక్సిజన్, దగ్గర్లో ఆసుపత్రి. మీ మామిడి చెట్టు కింద ఇవన్నీ ఉంటాయా?" అని అడిగింది. తర్వాత ఇంకో మాట అంది. "ఇవన్నీ ఉన్నాయనుకోండి. అప్పుడైనా మొదటి ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఈ మనిషికి ఇది ఎందుకు?"

అక్కడ నాకు తాళం తెరుచుకుంది. పర్యవేక్షణ అనేది 'ఎలా' అన్నదానికి జవాబు. 'ఎందుకు' అన్నదానికి కాదు. పది మందికి ఒకే మెనూ కార్డు ఇచ్చి, వాళ్లే ఎంచుకున్నది డాక్టర్ జాగ్రత్తగా ఎక్కిస్తే, అక్కడ డాక్టర్ వైద్యం చేస్తున్నట్టా, కాపలా కాస్తున్నట్టా?

నేను ఊరుకోకుండా నా మట్టి పోలిక చెప్పాను. పేగు మట్టిలాంటిదనీ, దాన్ని పక్కనబెట్టి నేరుగా రక్తానికి పోయడం యూరియా పోయడంలాంటిదనీ. ఆమె నవ్వి, "బాగుంది గానీ, వరిలో జింకు లోపం వస్తే మీరేం చేస్తారు?" అంది. ఆమెది రైతు కుటుంబమే. నేను నీళ్లు నమిలాను. యూనివర్సిటీ వాళ్లు చెప్పేది లీటరు నీళ్లకు రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఆకుల మీద పిచికారీ చేయమని. మనలో చాలామంది అది కూడా వద్దంటారు, నేను ఒక సీజన్ కొట్టాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, తిట్టుకోండి. ఆకు తుప్పు రంగు కనబడుతోంది, లోపం తెలిసింది, వేరు ఇప్పటికిప్పుడు అందుకోలేదు, అందుకే ఆకు దారి. అమ్మ బి12 సూది అలాంటిదే. లోపం ఏదో తేలింది, పేగు దారి మందగించింది, వేరే దారిలో ఇచ్చారు. లోపం లేని పొలానికి వారం వారం జింకు కొట్టేవాణ్ని మీరేమంటారు?

పేగు దారి మూసుకుపోవడం అంటే ఏంటో మన తెలుగువాళ్లకు దగ్గరి కథ ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది పేగులకు పట్టని జబ్బు అది. ఆయన అమెరికా పోయి, 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందానికి పెద్దగా ఉన్నారు. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే మందైంది. అంత కష్టపడి కనిపెట్టినది అవసరమున్నవాడి కోసం.

ఇక నీళ్ల సంగతి. ఈ బాటిళ్లను 'హైడ్రేషన్ థెరపీ' అని కూడా అంటున్నారు. ఎండలో పనిచేసే మనకు ఇది విటమిన్ల కంటే ముఖ్యం, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్ సరిహద్దు బన్‌గావ్‌లో శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చింది. సెలైన్ బాటిళ్లు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన పొడి నీళ్లలో వేసి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. అదే ఓఆర్‌ఎస్. చక్కెర పేగు గోడలోకి పోతూ ఉప్పును వెంట తీసుకుపోతుంది, ఆ రెండింటి వెంట నీళ్లు పోతాయి. విరేచనాలప్పుడు కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. బాటిల్ దొరకనప్పుడు కనిపెట్టిన దారి కోట్లమందిని బతికించింది. మనం బాటిల్ దొరికినప్పుడల్లా ఆ దారి మర్చిపోతున్నాం.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు కూడా కళ్లు తెరిచి కొనాలి. పేరులో ఓఆర్‌ఎస్ పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మే డబ్బాల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2025 అక్టోబర్‌లో ఫుడ్ సేఫ్టీ వాళ్లు అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశం ఇచ్చారు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం లీటరుకు గ్లూకోజ్ పదమూడున్నర గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ప్యాకెట్ వెనక ఇవి చూసుకోండి. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం సగం కాదు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు సమానపు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు.

ఒక్క హెచ్చరిక. ఎండదెబ్బ తగిలి మనిషి స్పృహ తప్పినా, మాట తడబడుతున్నా, వాంతులు ఆగకున్నా నోట్లో ఏమీ పోయకండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. అక్కడ ఎక్కించే బాటిల్ ప్రాణం. డెంగీలో తాగలేని మనిషికి ఎక్కించే బాటిల్ ప్రాణం.

ఇప్పుడు మనం మాట్లాడుకోనిది ఒకటి రాస్తాను. నాట్లకు వచ్చే ఆడవాళ్లకు సాయంత్రానికి తల తిరగడం, కాళ్లు గుంజడం ఎందుకు? మా పొలంలో కుండ నిండా నీళ్లు ఉంటాయి, తాగరు. "తాగండి అక్కా" అంటే నవ్వుతారు. సంగతి నాకు ఏళ్లు పట్టింది తెలియడానికి, అది కూడా నా భార్య చెప్తే. తాగితే పోవాలి. పోవడానికి చాటు లేదు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా నోరు కట్టుకుని పనిచేస్తారు. అమ్మ కూడా అంతే చేసేది. అంటే ఆ సాయంత్రం బాటిల్‌తో లేచి కూర్చోవడంలో కొంత నిజం ఉంది, అది ఎండిపోయిన ఒళ్లు. కానీ దానికి మందు ఆరు వందల బాటిలా?

పోయిన ఏడాది గట్టు మీద ఒక గుంత మరుగుదొడ్డి కట్టించాను. రెండు రింగులు, రేకుల చాటు, తలుపు, లోపల గడియ, బయట నీళ్ల డ్రమ్ము. పద్నాలుగు వేలు అయ్యాయి. బోరుకు దూరంగా పెట్టాం. పక్కన చెట్టుకు రెండు కుండలు, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో ఉప్పేసిన మజ్జిగ. మొదటి వారం ఎవరూ వాడలేదు. తర్వాత కుండలు మధ్యాహ్నానికే ఖాళీ. ఆ సీజన్‌లో మా దగ్గర పనిచేసినవాళ్లలో ఊరి డాక్టర్ దగ్గరికి బాటిల్ కోసం పోయినట్టు నాకు తెలిసి ఒక్కరే, ఆమెకు జ్వరం. ఇది పరిశోధన కాదు, నా పొలం లెక్క. వీడియోలో మనం జీవామృతం డ్రమ్ములు వంద సార్లు చూపిస్తాం, మరుగుదొడ్డి ఒక్కసారీ చూపించం. నేనూ చూపించలేదు. వచ్చే వీడియోలో చూపిస్తాను, కొలతలతో.

క్లినిక్ వాళ్లను ఇంత అన్నాక మన ఇంటి చెత్త కూడా ఊడ్చుకోవాలి. మనలో ఎంతమంది మునగాకు పొడి డబ్బా మీద "అన్ని విటమిన్లూ ఇందులోనే" అని రాయలేదు? నేను రాశాను, రెండేళ్లు. మునగాకు మంచిదే, కానీ బి12 అందులో లేదు. ఏ ఆకుకూరలోనూ లెక్కలోకి తీసుకునేంత ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం. ఇవేవీ తినని మనిషి మాత్రో సూదో డాక్టర్‌ను అడిగి తీసుకోవాల్సిందే. "జీవామృతం పోసిన మట్టిలో పెరిగిన కూరలు కడక్కుండా తింటే బి12 వస్తది" అని ఒక మెసేజ్ మన గ్రూపుల్లో తిరుగుతోంది. దయచేసి ఆపండి. జీవామృతంలో ఉన్నది పేడ, మూత్రం. కడక్కుండా తింటే వచ్చేది విరేచనాలు, నులిపురుగులు. అప్పుడు నిజంగానే బాటిల్ పెట్టాల్సి వస్తుంది. మా డబ్బా లేబుల్ ఈ నెల మార్చాను. ఇప్పుడు 'మునగాకు పొడి, నీడలో ఆరబెట్టింది' అని మాత్రమే ఉంటుంది. అమ్మకం కొంచెం తగ్గింది కూడా.

ఇదంతా అయ్యాక క్లినిక్ ఆయనకు ఫోన్ చేశాను. "అన్నా, మా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ రైతు మోసం చేయడన్న నమ్మకంతో వస్తారు. ఆ నమ్మకాన్ని ఎనిమిది వందలకు నీకు అద్దెకివ్వలేను" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "డాక్టర్‌ను పెట్టి పద్ధతిగా చేస్తున్నవాళ్లనే మీరు అనుమానిస్తే, ఊళ్లో మేకుకు కట్టేవాళ్లనేమంటారు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మేకుకు కట్టేవాడు చదువు లేకుండా చేస్తున్నాడు, అది చట్టం ప్రకారమే నేరం, ఏడాది దాకా జైలు ఉంది. ఆయన దానికంటే వంద రెట్లు మేలు. కానీ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయేవాళ్లు పోయేది పీహెచ్‌సీ డాక్టర్ సాయంత్రం దొరకడు కాబట్టి. కొంపల్లి నుంచి కారులో వచ్చేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

మీ ఫామ్‌కు కూడా ఇలాంటి ప్రతిపాదన రావచ్చు, అగ్రి టూరిజం చేస్తున్నవాళ్లందరి దగ్గరికీ తిరుగుతున్నారు. మీ ఇష్టం మీది. ఒప్పుకునే ముందు ఒక్కటి అడగండి: "పరీక్షలో ఏ లోపమూ లేదని తేలిన మనిషిని మీరు డబ్బులు తీసుకోకుండా వెనక్కి పంపుతారా?" నేను అడిగాను. కాసేపు ఆగి, "బిజినెస్ అట్ల నడవదన్నా" అన్నాడు. దాపరికం లేని మనిషే.

అరవై నాలుగు వేలు పోయాయి. బోరు వాయిదా ఈ నెల ఆవుల పాల డబ్బులతో కట్టాను. కానీ అన్ని పాలూ డెయిరీకి పోలేదు. పొద్దున అర లీటరు అమ్మకు తీసి పెట్టాకే క్యాన్ మూత పెడుతున్నాం. అది తగ్గితే డెయిరీ లెక్కలో వెంటనే తెలుస్తుంది, అమ్మే గొణుగుతుంది, "పాలు అమ్ముకోక నాకెందుకురా కొడుకా" అని. ఆమె తదుపరి సూది పద్నాలుగో తారీఖు.